డిస్కౌంట్ బ్రోకరా, బ్యాంకు త్రీ-ఇన్-వన్ ఖాతానా: సొంత లెక్కలు రాసుకునేవాళ్లకి ఏది మేలు?

బెజవాడలో డీమ్యాట్ ఖాతా తెరిచేవాళ్లు ముందుగా అడిగేది బ్రోకరేజి ఎంత, యాప్ బాగుందా అని. గ్నూక్యాష్, పోర్ట్‌ఫోలియో పెర్ఫార్మెన్స్ లాంటి లెక్కల సాఫ్ట్‌వేర్‌లో సొంతంగా రాసుకునేవాళ్లు అడగాల్సింది వేరు: ఏడాది లావాదేవీలు ఏ ఫైలులో ఇస్తారు? మన దగ్గర మామూలుగా చేతికొచ్చేవి సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలు), ఎక్సెల్, పీడీఎఫ్. పీడీఎఫ్ ఒక్కటే ఇస్తామంటే ఆ బ్రోకర్‌ని పక్కన పెట్టేయండి.

తక్కువ బ్రోకరేజి తీసుకునే డిస్కౌంట్ బ్రోకర్లలో జెరోధానే చూద్దాం. దాని రిపోర్టుల సైటు కన్సోల్‌లో ట్రేడ్‌బుక్ (కొన్నవీ అమ్మినవీ ఉండే జాబితా) సీఎస్‌వీగా దిగుతుంది, ఒకసారికి 365 రోజుల వరకే. అందులో ఐఎస్ఐఎన్ (షేరు గుర్తింపు సంఖ్య), తేదీ, షేర్ల సంఖ్య, ధర, ఆర్డర్ నంబరు ఉంటాయి. వంద షేర్లకి ఒక్క ఆర్డరే పెట్టినా అవి ఏడు ముక్కలుగా దొరికితే ఏడు వరసలు వస్తాయి. వాటిని ఆర్డర్ నంబరు పట్టుకుని కలపాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఫైలుని నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే 15 అంకెలు దాటిన నంబర్ల చివరి అంకెలు సున్నాలైపోతాయి, వేర్వేరు ఆర్డర్లు ఒకటిగా కనిపిస్తాయి. డేటా ట్యాబ్ నుంచి తెచ్చి, ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టుకోవాలి.

ట్రేడ్‌బుక్‌లో చార్జీలుండవు. 1,500 చొప్పున పది షేర్లు డెలివరీకి (అదే రోజు అమ్మకుండా అట్టిపెట్టుకోడానికి) కొంటే అందులో కనిపించేది 15,000. ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీల పన్ను) 15 రూపాయలు, స్టాంపు డ్యూటీ రెండు రూపాయల పైచిలుకు, మిగతావి పైసల్లో. ఇవన్నీ కాంట్రాక్ట్ నోటులో (బ్రోకర్ ఇచ్చే బిల్లు), ఫండ్స్ లెడ్జర్‌లో (బ్రోకర్ దగ్గర మీ డబ్బు జమాఖర్చుల పట్టీ) ఉంటాయి. ఎస్‌టీటీని వేరే ఖాతాలో రాయాలి. క్యాపిటల్ గెయిన్స్ లెక్కలో దాన్ని తీసివేయనివ్వరు, బ్రోకరేజిని తీసివేయొచ్చు.

ఇక డబ్బు సంగతి. డిస్కౌంట్ బ్రోకర్ దగ్గర డబ్బు ముందు బ్యాంకు నుంచి బ్రోకర్ లెడ్జర్‌కి వెళ్తుంది, అక్కడి నుంచి షేర్లలోకి. అంటే సాఫ్ట్‌వేర్‌లో 'బ్రోకర్ నగదు' అని ఇంకో ఖాతా తెరవక తప్పదు. పైగా వాడకుండా ఉన్న డబ్బుని బ్రోకర్ నెలకోసారో మూడు నెలలకోసారో బ్యాంకుకి తిప్పి పంపాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. ఆ జమ చూసి డివిడెండ్ అనుకుని ఆదాయంలో రాసేస్తే ఆడిటర్‌గారి దగ్గర లెక్క తేలదు. ఐసీఐసీఐ డైరెక్ట్ లాంటి త్రీ-ఇన్-వన్‌లో (సేవింగ్స్, ట్రేడింగ్, డీమ్యాట్ మూడూ కలిపిన ఖాతా) ఈ తలనొప్పి తక్కువ. డబ్బు మీ సేవింగ్స్ ఖాతాలోనే ఉంటుంది, కొన్నప్పుడు అక్కడి నుంచే పోతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక్కటి ఎక్కిస్తే నగదు లెక్క సరిపోతుంది. కాకపోతే ఉచిత డెలివరీ ఇచ్చే డిస్కౌంట్ బ్రోకర్‌తో పోలిస్తే బ్రోకరేజి ఎక్కువ.

డివిడెండ్ మాత్రం ఏ బ్రోకర్ దగ్గరైనా కంపెనీ నుంచి నేరుగా బ్యాంకుకే వస్తుంది. దాన్ని బ్యాంకు స్టేట్‌మెంట్ చూసే రాసుకోవాలి.

బోనస్ షేర్లు ట్రేడ్‌బుక్‌లో రావు, ఎందుకంటే అవి కొన్నవి కావు. 2024 అక్టోబరులో రిలయన్స్ ఒకటికి ఒకటి ఇచ్చింది. దాన్ని గ్నూక్యాష్‌లో స్టాక్ స్ప్లిట్‌గా నమోదు చేస్తే షేర్ల సంఖ్య సరిపోతుంది గానీ కొన్న ధర సగమై కూర్చుంటుంది. మన పన్ను చట్టంలో బోనస్ షేరు ఖరీదు సున్నా, దాని తేదీ కేటాయించిన రోజు. కాబట్టి సున్నా ధరకి కొన్నట్టు రాయాలి. పేరు మారడం ఇంకో గొడవ. మన అమరరాజా బ్యాటరీస్ 2023లో పేరు మార్చుకుంది, ఎక్స్ఛేంజీలో దాని గుర్తు (సింబల్) ఏఆర్ఈ&ఎమ్ అయింది. గుర్తుతో షేర్లని జతచేసే సాఫ్ట్‌వేర్ దాన్ని కొత్త కంపెనీ అనుకుంటుంది. పేరు మారినా ఐఎస్ఐఎన్ మారదు, దాన్నే పట్టుకోండి. ముఖవిలువ విడగొట్టినప్పుడు మాత్రం అదీ మారుతుంది.

ఏపీఐ (సాఫ్ట్‌వేర్ నేరుగా బ్రోకర్ నుంచి డేటా తెచ్చుకునే దారి) ఉంది కదా, అన్నీ వాటంతటవే వచ్చేస్తాయి అని ఆశపడొద్దు. జెరోధా ఏపీఐ కైట్ కనెక్ట్ ఆ రోజు ట్రేడ్‌లే ఇస్తుంది, లాగిన్ టోకెన్ మర్నాడు ఉదయం 6 గంటలకి చెల్లదు. అకౌంట్ అగ్రిగేటర్ (మీరు ఒప్పుకుంటే మీ ఖాతాల వివరాలు యాప్‌కి చేరవేసే సంస్థ) ద్వారా హోల్డింగ్స్ చూపించే యాప్‌లు పాస్‌వర్డ్ అడగవు కాబట్టి భద్రమే. కానీ ఈ రోజు మీ దగ్గర ఎన్ని ఉన్నాయో చెప్పినంత సులువుగా ఎంతకి కొన్నారో చెప్పలేవు.

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేస్తూ సీజన్ డబ్బుతో ఏడాదికి మూడు నాలుగు సార్లు కొనేవాళ్లకి త్రీ-ఇన్-వన్ చాలు. అంత తక్కువ లావాదేవీలకి బ్రోకరేజి తేడా పెద్దదేం కాదు, లెక్క తేలిక. నెలనెలా కొనేవాళ్లు, ఇంట్లో ఇద్దరు ముగ్గురి ఖాతాలు చూసేవాళ్లు సీఎస్‌వీ ఇచ్చే డిస్కౌంట్ బ్రోకర్ దగ్గరికే వెళ్లాలి. తెలిసిన సబ్-బ్రోకరే కావాలంటే, బ్యాక్ ఆఫీస్ లాగిన్‌లో ఎక్సెల్ లెడ్జర్ దిగుతుందో లేదో మీ కళ్లముందే దింపి చూపించమనండి.

ఇప్పటికే ఉన్న ఖాతా మార్చుకునేవాళ్లు మూసేముందు ట్రేడ్‌బుక్, లెడ్జర్, కాంట్రాక్ట్ నోటులు అన్నీ ఏడాది ఏడాదికీ దింపుకోవాలి. షేర్లు కొత్త డీమ్యాట్‌కి చేరతాయి గానీ కొన్న ధర వాటి వెంట రాదు. డిపాజిటరీ పంపే సీఏఎస్‌లోనూ (మీ హోల్డింగ్స్ అన్నీ కలిపిన స్టేట్‌మెంట్) అది ఉండదు.