సెల్లార్ రీమోడలింగ్ చేయిస్తున్నారా? గ్రిల్ వెనకాల చిల్లుందో లేదో ముందు చూసుకోండి

వైజాగ్‌లో సెల్లార్‌నో కింది పోర్షన్‌నో బాగుచేయించి, అందులో గ్యాస్ పొయ్యి, గ్యాస్ గీజర్ పెట్టించుకుంటున్న వాళ్ళందరికీ ఇది. కంపెనీ పేరు రాయను. రాయక్కర్లేదు కూడా. "45 రోజుల్లో తాళాలు మీ చేతికి" అంటూ ఊరంతా బోర్డులు పెట్టుకునే బాపతు. చదవగానే ఎవరో మీకే తెలుస్తుంది.

వివరాలు క్లుప్తంగా. వాలు స్థలం. సెల్లార్ వెనక గోడ మట్టిలో ఉంది, ముందు వైపు వీధి మట్టానికి ఉంది. పాత సామాన్లు పడేసే చోటుని ఒక గది, వంటిల్లు, బాత్‌రూమ్ ఉన్న పోర్షన్‌గా మార్చాలి. 4 లక్షల 60 వేలకి ఒప్పందం. సిలిండర్ బయట. 6 లీటర్ల గీజర్ వంటింటి మూల, దాని పొగ పోయే ఫ్లూ పైపు గోడలోంచి బయటికి. మంటకి గాలి అందడానికి ముందు గోడకి రెండు వెంటిలేషన్ దారులు, ఒకటి సీలింగ్ దగ్గర, ఒకటి నేల దగ్గర. డ్రాయింగ్‌లో గీసి మరీ ఇచ్చాను. పని అయ్యాక చూస్తే రెండు చోట్లా నీటుగా అల్యూమినియం గ్రిల్స్ ఉన్నాయి. చివరి వాయిదా కట్టేశాను.

నిన్న సాయంత్రం కిటికీ అద్దాలు చెమటలు పట్టాయి. గీజర్ కిటికీలోంచి చూస్తే నీలంగా ఉండాల్సిన మంట కొసల్లో పసుపు. చిమ్నీ ఫుల్ స్పీడ్‌లో ఉంది, కిటికీలన్నీ మూసి ఉన్నాయి. కార్బన్ మోనాక్సైడ్ మీటరు పెడితే 12 నిమిషాల్లో 190 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 190 వంతులు), ఇంకా ఎక్కుతోంది. అన్నీ కట్టేసి, తలుపులు బార్లా తీసి, గది ఖాళీ అయ్యాక అగరుబత్తి వెలిగించి కింది గ్రిల్ ముందు పట్టాను. పొగ నిటారుగా లేచింది, తాడు వేలాడదీసినట్టు. బయట సముద్రపు గాలికి మొక్కలు ఊగుతున్నాయి, లోపల గ్రిల్ దగ్గర వెంట్రుకవాసి కదలిక లేదు.

రెండు స్క్రూలు, చుట్టూ సిలికాన్. బ్లేడుతో కోసి గ్రిల్ ఊడదీశాను.

వెనకాల గోడ. చిల్లు లేదు. పుట్టీ కొట్టిన గోడ మీద గ్రిల్ సైజుకి చదరంగా నల్ల రంగు వేశారు. బయటి నుంచి చూస్తే లోపల చీకటి కన్నం ఉన్నట్టు కనిపించాలి కదా మరి. మరిచిపోయి వదిలేసిన పని కాదండీ ఇది. ఎవరో కూర్చుని, చిన్న బ్రష్ పట్టుకుని, అంచులు బయటికి రాకుండా శ్రద్ధగా పూశారు. పై గ్రిల్ ఊడదీస్తే అక్కడా అంతే. బయట గోడకి వేసిన రెండు గ్రిల్స్ కూడా ప్లాస్టరింగ్ మీద అంటించినవే.

సైట్ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేస్తే అతని జవాబు యథాతథంగా: "బిల్లు చూసుకోండి సార్. గ్రిల్ సప్లై అండ్ ఫిక్సింగ్ అని ఉంది. కోర్ కటింగ్ అని ఎక్కడైనా ఉందా?" మరి నల్ల రంగు ఎందుకు వేశారయ్యా అంటే, "లుక్ కోసం సార్." గాలి రాకపోతే మనుషులు పోతారు అంటే, "గాలి కావాలంటే బీచ్ రోడ్డుకెళ్ళండి సార్." ఫోన్ పెట్టేశాడు. ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది.

కోర్ కటింగ్ అంటే మెషీన్‌తో గోడకి ఆరపార గుండ్రటి చిల్లు కొట్టడం. బిల్లు చూశాను. నిజమే, అలాగే ఉంది. మీటర్లు, టేపులు, కాలిక్యులేటరు అన్నీ పెట్టుకుని, వేలు పెట్టి చూడని తెలివైనవాణ్ణి నేను. రెండు నెలలైనా గ్రిల్ రెక్కల మీద దుమ్ము పేరుకోలేదంటే మనవాళ్ళు శుభ్రంగా తుడుస్తున్నారని మురిసిపోయాను. గాలి ఆడితే దుమ్ము పడుతుంది. పడలేదంటే ఆడలేదని.

ఆ చిల్లుల కోసం ఇంత రాద్ధాంతమా అనుకునే వాళ్ళు లెక్క చూడండి. ఒక కిలో ఎల్‌పీజీ సరిగ్గా కాలాలంటే సుమారు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. 6 లీటర్ల గీజర్ గంట మండితే ఇంచుమించు కిలో గ్యాస్ తాగుతుంది. ఈ గది 12 అడుగులు, 14 అడుగులు, ఫాల్స్ సీలింగ్ పోగా 8 అడుగుల ఎత్తు. మొత్తం 1,344 క్యూబిక్ అడుగులు, అంటే 38 ఘనపు మీటర్లు. గీజర్ గంటకి ఇచ్చే వేడి 41 వేల బీటీయూ (వేడిని కొలిచే యూనిట్), రెండు బర్నర్ల పొయ్యి మరో 20 వేలు. అమెరికా వాళ్ళ గ్యాస్ కోడ్ ఎన్‌ఎఫ్‌పీఏ 54 ప్రకారం, బయటి గాలికి దారి లేకుండా గదిలో గాలితోనే సరిపెట్టాలంటే వెయ్యి బీటీయూకి 50 క్యూబిక్ అడుగుల చొప్పున గది ఉండాలి. 61 వేలకి 3,050. ఉన్నది అందులో సగం కూడా లేదు.

ఆ లెక్క కూడా సందుల్లోంచి కాస్త గాలి జొరబడే ఇళ్ళకి. పాత చెక్క కిటికీలు అలాగే ఉండేవి. రీమోడలింగ్ పేరుతో వాటిని పీకేసి రబ్బరు గాస్కెట్లున్న యూపీవీసీ కిటికీలు పెడతారు, పాత వెంటిలేటర్లని ఫాల్స్ సీలింగ్ పైన సమాధి చేస్తారు, తలుపు కింద సందుకి బ్రష్ పట్టీ వేస్తారు. ఏసీ చల్లదనం పోదు, దోమ రాదు, ఇసుక రాదు. మంటకి కావలసిన గాలీ రాదు.

అసలు విలన్ మాత్రం చిమ్నీ. పెట్టె మీద గంటకి 1,200 ఘనపు మీటర్లు అని రాసుంటుంది. నిజంగా అంత లాగితే ఈ గదిలో గాలంతా రెండు నిమిషాల్లో బయట ఉండాలి. డక్టు వంపుల వల్ల అందులో సగమే లాగుతుందనుకుందాం. పోయినంత గాలి ఎక్కడి నుంచో లోపలికి రావాలి కదా. అన్నీ మూసేసిన గదిలో మిగిలిన దారి ఒక్కటే, గీజర్ ఫ్లూ పైపు. పైకి పోవాల్సిన పొగ వెనక్కి తిరిగి గదిలోకి దిగుతుంది. గీజర్ తను వదిలిన పొగనే మళ్ళీ పీలుస్తుంది, ఆక్సిజన్ తగ్గుతుంది, మంట పసుపు పచ్చబడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అద్దాల మీద చెమట కూడా ఇందుకే. కిలో ఎల్‌పీజీ కాలితే కిలోన్నర పైగా నీటి ఆవిరి వస్తుంది. అది బయటికి పోకపోతే చల్లటి అద్దం మీద నీళ్ళై పడుతుంది. వైజాగ్ ఉక్కపోతలో ఇది మామూలేలే అని వదిలేస్తాం. గీజర్ వేసినప్పుడే పట్టి, కట్టేశాక పోతుంటే అది వాతావరణం కాదు.

గ్యాస్ వాసన రాలేదు కదా అని ధైర్యపడకండి. లీకు తెలియడానికి కలిపే ఇథైల్ మెర్కాప్టన్ మంటలో కాలిపోతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. 400 పీపీఎం దగ్గర గంటా రెండు గంటల్లో తలనొప్పి, మూడు గంటలు దాటితే ప్రాణం మీదికి. 1,600 దగ్గర ఇరవై నిమిషాల్లో తల తిరగడం, వాంతులు, గంటలోపు ప్రాణమే పోవచ్చు. తిన్నది పడలేదేమో అనుకుని అదే గదిలో పడుకుంటారు.

గీజర్‌లో "20 నిమిషాల ఆటో కటాఫ్" ఉందని షాపువాడు చెబుతాడు. అది టైమరు మాత్రమే. కొళాయి కట్టి మళ్ళీ తిప్పితే లెక్క మొదటికొస్తుంది, పైగా ఇక్కడ 12 నిమిషాలకే 190. మంట ఆరితే గ్యాస్ ఆపే ఫ్లేమ్ ఫెయిల్యూర్ ఉంది అంటాడు. మన సమస్య మంట ఆరడం కాదు, చెడ్డగా మండటం. దాన్ని అది పట్టించుకోదు.

అన్నట్టు, ఇదే మహానుభావులు "గ్యాస్ అలారం" అని ఒకటి సీలింగ్‌కి బిగించి 2,900 వేశారు. విప్పి చూస్తే అది ఎల్‌పీజీ లీకు అలారం. ఎల్‌పీజీ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు, నేలని పట్టుకుని పాకుతుంది. 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి వెంకటాపురం వైపు స్టైరీన్ ఆవిరి ఎలా పాకిందో చూసిన ఊళ్ళో, బరువైన ఆవిరిని పట్టే అలారాన్ని సీలింగ్‌కి బిగించారు! దాని చోటు నేలకి అడుగు ఎత్తులో. కార్బన్ మోనాక్సైడ్ అలారం వేరే వస్తువు, అది పైన ఉండాలి. ఈఎన్ 50291 (యూరప్ ప్రమాణం) అని రాసుందో లేదో చూసి కొనండి. ఆ ప్రమాణం ప్రకారం 300 పీపీఎం వస్తే మూడు నిమిషాల్లోపు మోగాలి. దానికి టెస్ట్ బటన్ నొక్కితే మోగేది బజరు మాత్రమే, సెన్సర్ బతికుందని కాదు. గడువు తేదీ వెనకాల ఉంటుంది.

ఇక చిల్లు సంగతి. బయటి గోడలోంచి నేరుగా తీసే దారులకి అదే కోడ్‌లో లెక్క, 4 వేల బీటీయూకి ఒక చదరపు అంగుళం, పైన ఒకటి కింద ఒకటి, ఒక్కొక్కటీ అంత. పై దారి సీలింగ్‌కి 12 అంగుళాల లోపు, కింది దారి నేలకి 12 అంగుళాల లోపు మొదలవ్వాలి. 61 వేలకి ఒక్కో దారి 15 చదరపు అంగుళాల పైచిలుకు. 4 అంగుళాల కోర్ కొడితే 12.6 మాత్రమే, చాలదు. 5 అంగుళాలది 19.6 వస్తుంది గానీ మెటల్ గ్రిల్ రెక్కలు పావు వంతు మింగేస్తాయి, మళ్ళీ 15కి దిగువకి వస్తుంది. అందుకని 6 అంగుళాలు కొట్టించండి. గ్రిల్ పోగా 21 మిగులుతుంది. చెక్క రెక్కలు వద్దు, వాటిలో తెరిచి ఉన్న భాగం పావు వంతే అని లెక్కగట్టాలి. దోమతెర అసలే వద్దు. కోడ్ పావు అంగుళం కన్నాల కంటే సన్నటి జాలీ ఒప్పుకోదు. వంటింటి జిడ్డు, దుమ్ము కలిసి దోమతెర ఆరు నెలల్లో అట్ట అవుతుంది. దోమలకి వేరే దారి చూసుకోండి. కోర్‌లో పైపు పెట్టేటప్పుడు బయటి వైపుకి కాస్త వాలు ఉండాలి, బయట కిందికి వంగిన మూత ఉండాలి. లేకపోతే మొదటి తుఫానుకి జల్లు లోపలికి కొడుతుంది, ఇంట్లోవాళ్ళు గుడ్డ కుక్కుతారు, ఆ గుడ్డ మళ్ళీ ఎవరూ తియ్యరు.

ఈ లెక్క ఫ్లూ ఉన్న గీజర్‌కే. ఫ్లూ లేకుండా పొగ గదిలోకే వదిలే గీజర్‌కి ఎన్ని చిల్లులు పెట్టినా లోపల చోటు లేదు, బయట గోడకి తగిలించాల్సిందే. చిమ్నీకి కావలసిన గాలి కూడా ఈ చిల్లుల్లో లేదు. చిమ్నీ వేస్తే కిటికీ ఒక రెక్క తీసి ఉంచాలి, ఆ సమయంలో గీజర్ వద్దు. నాలుగు వైపులా మట్టిలో ఉన్న సెల్లార్ అయితే ఎల్‌పీజీ ఆలోచనే మానుకుని కరెంటు గీజర్, ఇండక్షన్ పెట్టుకోండి. అక్కడ లీకైన గ్యాస్ బావిలో నీళ్ళలా నిలుస్తుంది, పై చిల్లులోంచి ఎక్కి పోదు. నా స్థలానికి వాలు వైపు ఓపెన్ ఉంది కాబట్టే కింది చిల్లుకి అర్థం ఉంది.

డబ్బు కట్టే ముందు గ్రిల్ ఊడదీయించి చెయ్యి బయటికి పెట్టి చూడండి. బిల్లులో "6 అంగుళాల కోర్ కటింగ్, 2" అని విడిగా రాయించండి. తలుపులన్నీ మూసి, చిమ్నీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఫుల్‌లో పెట్టి, గీజర్ ఐదు నిమిషాలు మండాక దాని తల దగ్గర అగరుబత్తి పట్టండి. పొగ ఫ్లూలోకి పోతే సరే. గది వైపు తోసుకొస్తే వెంటనే కట్టెయ్యండి. ఎల్‌పీజీ లీకుకి 1906, ఇలాంటి పెద్దమనుషుల కోసం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. నేను ఫిర్యాదు పెట్టాను.

కోర్ కటింగ్ అతను రేపు పొద్దున వస్తానన్నాడు. నాలుగు గ్రిల్సూ సంచిలో కట్టి పెట్టాను. గోడకి అందం కోసం ఎవరికైనా కావాలంటే ఊరికే ఇచ్చేస్తాను. నల్ల రంగు మాత్రం మీరే కొనుక్కోవాలి.