తాళం లేని పాట: ఐట్యూన్స్ స్టోర్ కొనుగోళ్లపై సమీక్ష

నెలవారీ చందా యాప్‌లు చేతిలో ఉండగా యాపిల్ కంపెనీవారి ఆన్‌లైన్ దుకాణమైన ఐట్యూన్స్ స్టోర్‌లో విడిగా డబ్బు పెట్టి పాట కొనడమేమిటని కావలిలో మా ఇంట్లోవాళ్లే నన్ను చూసి నవ్వేవారు. గత వేసవిలో ఒంగోలు నుంచి కారులో తిరిగి వస్తుండగా, ఒక చందా యాప్‌లో మా అబ్బాయి డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న పాటలన్నీ సింగరాయకొండ దగ్గర ఒక్కసారిగా బూడిదరంగుకు తిరిగి మొరాయించాయి. గడువు ముందురోజుతో ముగిసిందట. నా పెన్‌డ్రైవ్‌లోని పాటలు మాత్రం, ఉలవపాడులో మామిడిపండ్లకు ఆగినప్పుడు తప్ప, ఇల్లు చేరేదాకా ఆగలేదు.

నిజానికి 2003 ఏప్రిల్‌లో అమెరికాలో ఈ స్టోర్ తెరిచినప్పుడు అందులో కొన్న పాటలకూ తాళం (కాపీ కాకుండా, వేరే పరికరాల్లో మోగకుండా వేసే డిజిటల్ అడ్డు) ఉండేది. 99 సెంట్లకు కొన్న పాట ఫెయిర్‌ప్లే అనే కాపీ రక్షణతో వచ్చేది కనుక, అనుమతి పొందిన కొద్ది కంప్యూటర్లలోనూ యాపిల్ సొంత ప్లేయరైన ఐపాడ్‌లోనూ తప్ప ఇతర కంపెనీల ప్లేయర్లలో సాధారణంగా మోగేది కాదు. పోనీ, దానివల్ల దొంగ కాపీలు ఆగాయా అంటే, అవే పాటలు ఏ రక్షణా లేని సీడీల రూపంలో అంగట్లో దొరుకుతూనే ఉండేవి. 2007 ఫిబ్రవరిలో అప్పటి యాపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ తన బహిరంగ లేఖలో ఎత్తి చూపినది ఇదే: 2006లో ఆన్‌లైన్ దుకాణాలు తాళంతో అమ్మినవి 200 కోట్ల లోపు పాటలైతే, సంగీత కంపెనీలు సీడీలపై తాళం లేకుండా అమ్మినవి 2000 కోట్లకు పైమాటే. ఆ ఏడాది మే నెలలో ఈఎంఐ అనే సంగీత కంపెనీ పాటలు ఐట్యూన్స్‌లో తాళం విడిచాయి. సెప్టెంబరులో అమెజాన్ తాళం లేని ఎంపీ3లతో పోటీకి దిగింది. 2009లో మిగిలిన పెద్ద కంపెనీలూ ఐట్యూన్స్‌లో అదే దారి పట్టాయి. మన దేశంలో ఈ స్టోర్ 2012 డిసెంబరులో వచ్చింది కాబట్టి ఆ బాధ మనకు తగలనేలేదు.

ఈ స్టోర్ పాటల 256 కేబీపీఎస్ ఏఏసీ (కుదించిన ఆడియో రూపం) నాణ్యత కారు ప్రయాణానికి నిండుగా సరిపోతుంది, ఇంట్లో మంచి స్పీకర్లున్నవారికి మాత్రం లాస్‌లెస్ (నాణ్యత ఏమాత్రం తగ్గని) రూపంలో అమ్మకపోవడం లోటే. మా పాత కారు సెట్టు ఈ పాటలు వచ్చే ఎం4ఏ ఫైళ్లను గుర్తించనప్పుడు కంప్యూటర్‌లో వాటిని ఎంపీ3గా మార్చుకున్నాను. తాళం ఉన్న ఫైలైతే ఆ మార్పిడే కుదరదు. అయితే కొన్నవారి పేరు, ఖాతా వివరం ఫైలు లోపలే నమోదై ఉంటాయి కనుక, పెళ్లింట్లో అడిగినవారందరికీ పంచిపెట్టే ముందు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇదే కంపెనీవారి యాపిల్ మ్యూజిక్ చందాతో దించుకున్న పాటలకు తాళం నేటికీ ఉంది. అంటే తాళం పోయింది కొన్న పాటకే గాని, అద్దె పాటకు కాదు. రోజుకో కొత్త పాట కోరేవారికి చందాయే చవక. నాలాగా అవే రెండు వందల పాటలను ఏళ్ల తరబడి వినేవారు కొనుక్కోవచ్చు. మా అబ్బాయి కూడా మొన్న పెన్‌డ్రైవ్ అడిగి తీసుకెళ్లాడు.