హైస్కూలు పిల్లల వైరింగ్ కోర్సు: చేర్చొచ్చా?

తెనాలిలో ఇళ్ల వైరింగ్ పనులు చేస్తుంటాను. మా అక్క కూతురు తొమ్మిదో తరగతి పరీక్షలవగానే, ఒక ప్రైవేటు ఐటీఐ వాళ్లు హైస్కూలు పిల్లల కోసం పెట్టిన వేసవి వైరింగ్ కోర్సులో చేరింది. దింపి రావడం, తీసుకురావడం నా పనే. మాస్టారు లోపలికొచ్చి కూర్చోమన్నారు కాబట్టి చాలా క్లాసులు కళ్లారా చూశాను. నన్నడిగితే చేర్చమనే చెప్తాను. ఒక్క పెద్ద లోటుంది, అదీ చెప్తాను.

మొదట్లో సప్లై లేని బోర్డుల మీదే పని. వైరు కొసన ఇన్సులేషన్ తీయడమే చాలాసేపు చేయించారు. కట్టర్ గట్టిగా నొక్కితే రాగి పోగులు రెండు మూడు తెగుతాయి. మిగిలిన పోగుల మీదే లోడంతా పడి అక్కడ వేడెక్కుతుంది. తెగిన పోగు కనబడితే చాలు, మాస్టారు ఆ కొస కత్తిరించి మళ్లీ మొదలుపెట్టించేవారు. పిల్లలు విసుక్కున్నా వదల్లేదు. పనిలోకి వచ్చి ఏళ్లయిన కుర్రాళ్లలో కూడా ఈ శ్రద్ధ తక్కువే చూశాను.

నాకు బాగా నచ్చింది స్విచ్ పాఠం. ఒక బోర్డులో ఆయన కావాలనే స్విచ్‌ని న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) మీద పెట్టారు. ఆపగానే బల్బు ఆరిపోయింది. "ఇప్పుడు హోల్డర్ ముట్టుకోవచ్చా?" అనడిగితే అందరూ ముట్టుకోవచ్చన్నారు. బల్బు తీసి, హోల్డర్ పిన్నులకు ఒక్కోదానికి టెస్టర్ ఆనించారు. ఒక పిన్ను దగ్గర టెస్టర్ వెలిగింది. ముందు వరసలో పిల్లలు గబుక్కున వెనక్కి జరిగారు. స్విచ్ ఎప్పుడూ ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) మీదే ఎందుకుండాలో ఇక వేరే చెప్పక్కర్లేకపోయింది. టెస్టర్‌నీ గుడ్డిగా నమ్మొద్దని, ముందు సప్లై ఉన్న పాయింట్‌లో, తర్వాత ఆపిన చోట, మళ్లీ సప్లై ఉన్న చోట పెట్టి చూడమని నేర్పారు. మా అమ్మాయి ఇంట్లో కూడా ఇలాగే చూస్తోంది.

లెక్కలూ బాగా చెప్పారు. 2000 వాట్ల గీజర్‌ని 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 8.7 ఆంపియర్లు. అంటే 6 ఆంపియర్ల సాకెట్‌కి పెట్టకూడదు, 16 ఆంపియర్లది కావాలి. పదో తరగతిలో చదవబోయే విద్యుత్ పాఠం వీళ్లకి ముందే చేతిలోకి వచ్చేసింది. మెట్ల లైటుకి రెండు టూవే స్విచ్‌లు కలపడం, ఫ్యాన్ రెగ్యులేటర్ బిగించడం లాంటివి కూడా చేయించారు.

ఇక లోటు. ఎర్తింగ్, అంటే లీకైన కరెంటుని భూమిలోకి పంపే ఏర్పాటు, అంతా బోర్డు మీద బొమ్మతోనే సరిపెట్టారు. ప్లగ్‌లో ఎర్త్ పిన్ను మిగతా రెండింటికన్నా పొడవుగా ఎందుకుంటుందో చక్కగా చెప్పారు, లోపలికి వెళ్లేటప్పుడు అదే ముందు కలవాలి, తీసేటప్పుడు అదే చివర విడిపోవాలి అని. కానీ ఆవరణలోనే ఉన్న ఎర్త్ పిట్ (ఎర్త్ వైరుని భూమికి కలిపే గుంత) దగ్గరకి పిల్లల్ని ఒక్కసారీ తీసుకెళ్లలేదు. అంతకన్నా బాధ కలిగించింది ప్రాక్టికల్ గది. పిల్లలు పనిచేసే లైన్‌కి ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే పడిపోయి సప్లై ఆపే స్విచ్) ఉంది గానీ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయి సప్లై ఆపే స్విచ్) లేదు. ఎంసీబీ ఓవర్‌లోడుకీ షార్ట్‌కీ పడుతుంది. మనిషికి షాక్ కొడితే పడుతుందని నమ్మడానికి లేదు. దానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. పద్నాలుగేళ్ల పిల్లలు చెయ్యిపెట్టే చోట అది లేకుండా క్లాసు నడపడం నాకు ఏమాత్రం నచ్చలేదు. ఆఫీసులో గట్టిగానే అడిగాను. వచ్చే బ్యాచ్‌కి పెడతామన్నారు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. చివర్లో ఇచ్చే కాగితం చూసి పిల్లల్ని ఇళ్లలో రిపేర్లకు పంపకండి. ఇది పరిచయం మాత్రమే. ఎలక్ట్రీషియన్ కావాలంటే పదో తరగతి పాసయ్యాక ఐటీఐలో రెండేళ్ల ట్రేడ్ ఉంది. ఆడపిల్లల్ని కూడా చేర్చండి, మా అమ్మాయి బ్యాచ్‌లో మరీ తక్కువమంది ఉన్నారు. చేర్చేముందు మాత్రం ప్రాక్టికల్ గదిలోకి వెళ్లి డిస్ట్రిబ్యూషన్ బోర్డు తలుపు తీయించండి. ఆర్‌సీసీబీకి 'టి' అని రాసిన టెస్ట్ బటన్ ఉంటుంది. అది మీ ఎదురుగా నొక్కించి, లైన్ పడిపోతేనే ఫీజు కట్టండి.