ఒపేరా పాత్ర ఎలా నేర్చుకుంటే మేలు: రికార్డింగా, స్కోరా, కోచా?

కాలేజీ ఒపేరాలో పాత్ర ఖాయమైందని మెయిల్ రాగానే చాలామంది చేసే మొదటి పని యూట్యూబ్ తెరిచి ఆ ఒపేరా పేరు కొట్టడం. మంచి రికార్డింగ్ ఒకటి దొరుకుతుంది. బస్సులోనూ వంట చేస్తూనూ దాన్నే వింటూ ఉంటే కొద్ది రోజుల్లో పాట నోటికి వచ్చేస్తుంది. కర్ణాటక సంగీతం నేర్చుకుని, ఆ తర్వాత విదేశాల్లో వాయిస్ క్లాసుల్లో చేరిన మన పిల్లలకి ఇది మరీ సహజం, చిన్నప్పటి నుంచీ టీచర్ పాడింది విని తిరిగి పాడడమే కదా అలవాటు. ఇంకో రకం వాళ్ళు రికార్డింగ్ జోలికి పోకుండా స్కోరు (స్వరాలూ మాటలూ అచ్చయిన పుస్తకం), పెన్సిల్, ఇటాలియన్ నిఘంటువు ముందేసుకుని కూర్చుంటారు. వీలున్నవాళ్ళు నేరుగా కోచ్ దగ్గరికి వెళ్ళి, ఆయన పియానో మీద వాయిస్తుంటే ఒక్కో లైనూ పట్టుకుంటారు. మూడు దారుల్లోనూ పాత్ర వస్తుంది. ఏ దారిలో వచ్చిన పాత్ర రిహార్సల్లో నిలబడుతుంది అన్నదే ఇక్కడ నా ప్రశ్న.

నాలుగో దారి కూడా ఒకటుంది, "రిహార్సల్లో ఎలాగూ నేర్పుతారులే" అనుకోవడం. దాన్ని పోలికలోకే తీసుకోను. స్టేజింగ్ (స్టేజి మీద నటన, కదలికలు కుదర్చడం) మొదలయ్యే రోజుకి పాత్ర కంఠస్థం అయి ఉండాలని చాలా చోట్ల ముందే చెప్తారు, అది ఊరికే పెట్టిన రూలు కాదు. ముందు కండక్టర్‌తో మ్యూజిక్ రిహార్సల్స్, తర్వాత డైరెక్టర్‌తో స్టేజింగ్, ఆ తర్వాత పియానోతో రన్‌త్రూలు (ఆపకుండా మొత్తం ఆడడం), ఆర్కెస్ట్రా వచ్చాక సిట్జ్‌ప్రోబ్ (నటన లేకుండా కూర్చునో నిలబడో ఆర్కెస్ట్రాతో పాడడం), చివర డ్రెస్ రిహార్సల్, వరస దాదాపుగా ఇలాగే ఉంటుంది. ఈ వరసలో స్వరాలు నేర్పడానికంటూ పెట్టిన రోజు ఒక్కటీ లేదు. "ఈ మాట మీద ఉత్తరం తీసుకో, ఆ స్వరానికల్లా కుర్చీ వెనక్కి వెళ్ళిపో" అని డైరెక్టర్ చెప్తుంటే చేతిలో స్కోరు పట్టుకున్నవాడు ఉత్తరం ఏ చేత్తో తీసుకుంటాడు? పైగా ఆ సీన్లో ఉన్న మిగతా నలుగురూ ఇతని కోసం ఆగాలి.

ఉదాహరణకి మోట్సార్ట్ 'లె నోత్సె ది ఫిగారో', అదే ఫిగారో పెళ్ళి, తీసుకుందాం. లొరెంజో డా పోంతె రాసిన సాహిత్యం, 1786 మే 1న వియన్నాలో మొదటి ప్రదర్శన. సంగీతం కాలేజీలు మళ్ళీ మళ్ళీ వేసే ఒపేరా ఇది, ఎందుకంటే చిన్న పెద్ద పాత్రలు చాలా ఉన్నాయి, గొంతుల మీద విపరీతమైన భారం పడదు. భారం పడదు అంటే సులువని కాదు. రెండో అంకం చివరి ఫినాలే దాదాపు 20 నిమిషాలు ఆగకుండా సాగుతుంది, ఇద్దరితో మొదలై మిగతావాళ్ళు వచ్చి చేరుతూ ఏడుగురి దాకా పెరుగుతుంది, మధ్యలో వేగం చాలాసార్లు మారుతుంది.

అలాంటి చోట రికార్డింగ్ నిజంగా పనికొస్తుంది, కాదనను. స్కోరులో 20 నిమిషాల సంగీతం అంటే పేజీలకి పేజీలు, మొదటిసారి చూస్తే ఏ ముక్క ఎక్కడికి పోతోందో అర్థం కాదు. రెండు మూడు సార్లు వింటే ఎక్కడ వేగం పెరుగుతుంది, తోటమాలి ఎప్పుడు ఊడిపడతాడు, తన లైనుకి ముందు ఆర్కెస్ట్రాలో ఏం వినిపిస్తుంది అన్నవి చెవికి తెలిసిపోతాయి. ఏడుగురు కలిసి పాడే చోట తన లైను ఒక్కటే పియానో మీద నేర్చుకున్నవాళ్ళు మిగతా ఆరు గొంతులూ చెవిన పడగానే తడబడతారు. విన్నవాళ్ళకి ఆ కంగారు తక్కువ.

చిక్కు ఎక్కడంటే, రికార్డింగ్‌లో ఉన్నది ఒపేరా ఒక్కటే కాదు, ఆ రోజు ఆ కండక్టర్, ఆ గాయని తీసుకున్న నిర్ణయాలన్నీ కూడా అందులోనే కలిసి ఉంటాయి, చెవికి ఆ రెండూ వేరువేరుగా తెలియవు. ఇదే ఫిగారోలో నాలుగో అంకంలో మార్చెలీనా పాట, బసీలియో పాట చాలాచోట్ల తీసేస్తారు. మీ రికార్డింగ్‌లో లేవు కదా అని వదిలేసి వెళ్తే మీ కండక్టర్ ఉంచానంటాడు. రెండో అంకంలో కౌంట్, అతని భార్య కౌంటెస్, ఆమె పనిమనిషి సుసానా పాడే త్రయంలో పై లైను ఎవరిదన్నది ఎడిషన్ని బట్టి, ప్రొడక్షన్ని బట్టి మారుతుంది, కొన్నిట్లో సుసానాది, కొన్నిట్లో కౌంటెస్‌ది. రికార్డింగ్ విని సుసానా నేర్చుకున్న అమ్మాయి కౌంటెస్ లైను పాడుతూ కూర్చోవచ్చు. రెసిటేటివ్‌లో (హార్ప్సికార్డ్ లాంటి వాద్యం మీద మాటల్లా సాగే భాగం) వాక్యం చివర ఒకే స్వరం రెండుసార్లు రాసి ఉంటే మొదటిదాన్ని ఒక మెట్టు పైన పాడడం ఆ కాలపు ఆనవాయితీ, ఎక్కడ అలా పాడాలి ఎక్కడ వద్దు అన్నది కండక్టర్లు తలో రకంగా తేలుస్తారు. చెవితో నేర్చుకున్నవాళ్ళకి అసలు కాగితం మీద ఏముందో తెలియదు కాబట్టి "ఇక్కడ రాసినట్టే పాడు" అంటే బిక్కమొహం వేస్తారు.

శ్రుతి సంగతి ఇంకోటి. పాతకాలపు వాద్యాలతో చేసిన రికార్డింగులు చాలావరకు తక్కువ శ్రుతిలో ఉంటాయి. పర్సెల్ (17వ శతాబ్దపు ఇంగ్లీషు స్వరకర్త) కాలం సంగీతమైతే ఎ స్వరాన్ని 415 హెర్ట్జ్ దగ్గర పెట్టడం మామూలు, అంటే కాలేజీ పియానో మీద వినిపించే 440 కంటే సుమారు అర స్వరం కింద. నెలరోజులు ఆ రికార్డింగ్‌తో కలిసి పాడి గొంతు దానికి అలవాటు పడ్డాక రిహార్సల్ గదిలో అదే పాట అర స్వరం పైకి ఎక్కి కూర్చుంటుంది. ఎత్తు స్వరాల దగ్గర పాపం తమ గొంతుకే ఏదో అయిందనుకుని టెన్షన్ పడతారు.

వీటన్నిటికన్నా నాకు ఎక్కువ భయం వేసేది గొంతు అరువు తెచ్చుకోవడం. ఇరవయ్యేళ్ళ అమ్మాయి పేరున్న గాయని రికార్డింగ్‌ని రోజూ విని, ఆమె గొంతులోని బరువు, ఆమె ఊపిరి తీసే చోట్లు, చివరికి ఆమె ఒక మాటని సాగదీసే తీరు కూడా తెచ్చేసుకుంటుంది. ఆ గొంతు వెనక పదిహేనో ఇరవయ్యో ఏళ్ళ సాధన ఉంటుంది, ఈ అమ్మాయి దాన్ని కండరాల బలంతో లాగుతుంది. సుసానాని మొదట పాడిన నాన్సీ స్టోరేస్‌కి అప్పుడు 20 ఏళ్ళు, తోటమాలి కూతురు బార్బరీనాని పాడిన అన్నా గాట్లీబ్‌కి 12. ఇరవయ్యేళ్ళ గొంతు ఇరవయ్యేళ్ళదిగానే వినిపిస్తే ఈ ఒపేరాకి వచ్చిన నష్టం ఏమీ లేదు.

ఇక స్కోరు దారి. నెమ్మది, విసుగు, మొదటి వారం పాడుతున్నట్టే ఉండదు. ముందు సాహిత్యానికి మాట మాటకీ అర్థం రాసుకోవాలి, మొత్తం వాక్యం భావం చాలదు, ఏ మాట మీద ఒత్తు పడిందో దాని అర్థమే కావాలి. తర్వాత స్వరం లేకుండా లయలో ఆ మాటలు పలకాలి, మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) పెట్టుకుని, నత్తనడక వేగంతో. ఆ తర్వాత మాటలు లేకుండా ఒక్క అచ్చు మీద స్వరాలు. అన్నీ విడివిడిగా కుదిరాకే కలపడం. మన వాళ్ళకి ఇక్కడ ఒక చిన్న లాభం ఉంది: ఇటాలియన్ ద్విత్వాక్షరాలు, త ద లు మన నోటికి ఇబ్బంది పెట్టవు, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న పిల్లలు వాటికోసం డిక్షన్ (ఉచ్చారణ) క్లాసులో తంటాలు పడతారు. జర్మన్ దగ్గరికి వచ్చేసరికి అందరం సమానమే.

రెసిటేటివ్‌కి మాత్రం ఈ దారిని మించింది లేదు. అది మాట్లాడుతున్నట్టు సాగాలి, కాబట్టి ముందు దాన్ని నాటకంలో డైలాగ్ చెప్పినట్టు చెప్పగలగాలి. పాడి పాడి కంఠస్థం చేసినవాళ్ళు ఒక చోట మాట మర్చిపోతే మళ్ళీ మొదటి నుంచి అందుకుంటే గానీ రాదు. అర్థంతో నేర్చుకున్నవాళ్ళు ఎదుటివాళ్ళ మాటకి జవాబుగా ఎక్కడినుంచైనా అందుకుంటారు. స్టేజింగ్‌లో డైరెక్టర్ "ఆ మూడో లైను నుంచి మళ్ళీ" అని ఎన్నిసార్లు అంటారో లెక్కే ఉండదు.

స్కోరు దారిలోనూ ఒక దొంగ పద్ధతి ఉంది, తన లైన్లకి మాత్రం పసుపు రంగు పూసి మిగతావి వదిలెయ్యడం. ఫిగారో మొదటి సీన్ చూడండి. పెళ్ళికొడుకు ఫిగారో మంచం పడుతుందో లేదో అని గది కొలుస్తూ ఐదు, పది, ఇరవై, ముప్పై అని అంకెలు పాడుతుంటాడు. పెళ్ళికూతురు సుసానా అద్దం ముందు కొత్త టోపీ పెట్టుకుని నన్ను చూడు అంటుంది. ఇద్దరివీ వేరువేరు వరసలు. ఆమె పట్టు వదలదు, చివరికి అతను కొలతలు ఆపి ఆమె వరస అందుకుంటాడు. వాళ్ళిద్దరిలో ఎవరి మాట చెల్లుతుందో అక్కడే తెలిసిపోయింది. ఫిగారో పాడే కుర్రాడు తన అంకెలు మాత్రమే నేర్చుకుని వస్తే ఇది అతనికి కనిపించదు, డైరెక్టర్ అరగంట కూర్చుని చెప్పాలి. పాత్ర గురించి నోటుబుక్కులో రెండు పేజీలు రాసుకురమ్మని కొందరు అడుగుతారు, దానికన్నా ఎదుటి పాత్ర లైన్లకి అర్థం రాసుకోవడం ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

కోచ్ విషయం తేలిగ్గా తేల్చేస్తాను. కోచ్ దగ్గర స్వరాలు నేర్చుకోవడం డబ్బు దండగ, కాలేజీయే ఉచితంగా ఇస్తే సమయం దండగ. ఆయన చెవి ఉచ్చారణకి, శైలికి, ఆ లైను వెనక భావానికి పనికి రావాలి. స్కోరు చదవడం బొత్తిగా రానివాళ్ళకి మాత్రం వేరే మాట, కోచ్ కాకపోయినా పియానో వచ్చిన స్నేహితులెవరినైనా పట్టుకుని లైన్లు వాయించి ఫోన్లో రికార్డు చేయించుకోండి. అందులో స్వరాలుంటాయి తప్ప ఇంకొకరి గొంతు ఉండదు, యూట్యూబ్ కన్నా వందరెట్లు నయం.

కాబట్టి నా వరస ఇది: మొదట ఒకసారి స్కోరు చూస్తూ మొత్తం ఒపేరా వినండి, ఇక రికార్డింగ్ మూసేసి స్కోరుతో నేర్చుకోండి, నోటికి వచ్చాక మళ్ళీ రెండు మూడు వేరువేరు రికార్డింగులు వినండి. ఒక్కటే వింటే అది అనుకరణ అవుతుంది, మూడు వింటే ఒకే లైనుని ముగ్గురు మూడు రకాలుగా పాడడం చెవిన పడుతుంది. బార్బరీనా లాంటి చిన్న పాత్రకి, కోరస్‌కి ఇంత తతంగం అవసరమా అంటే, కోరస్‌కి అక్కర్లేదు. బార్బరీనాకి పాట చిన్నదే గానీ ఫినాలేలు ఉన్నాయి, చేస్తేనే మంచిది.

రిహార్సల్ మొదలయ్యాక వచ్చే ఇంకో తగువు: పూర్తి గొంతుతో పాడాలా, మార్క్ చేయాలా? మార్కింగ్ అంటే గొంతు తగ్గించి, ఎత్తు స్వరాలు ఒక స్థాయి కిందకి దించి పాడడం. మూడు గంటల స్టేజింగ్‌లో ఒకే సీను ఎన్నోసార్లు తిప్పుతారు, మైకు లేకుండా పాడే కళ ఇది, ప్రతిసారీ పూర్తిగా పాడితే వారం తిరిగేసరికి గొంతు పోతుంది. కాబట్టి స్టేజింగ్‌లో మార్కింగే మేలు, బ్లాకింగ్ (ఎవరు ఎప్పుడు ఎక్కడ నిలబడాలి, ఎటు కదలాలి అన్నది) కుదిరాక ఒక్కసారి పూర్తిగా పాడి చూసుకుంటే చాలు. కానీ మార్కింగ్ అంటే గుసగుసలాడడం అనుకునేవాళ్ళు ఎక్కువ. ఊపిరి ఆధారం వదిలేసి గాలితో పాడితే పూర్తి గొంతు కన్నా ఎక్కువ అలసట. లయ, హల్లులు, ఊపిరి తీసే చోట్లు ఏవీ మారకూడదు, ఎదుటివాళ్ళకి మీ క్యూ వినపడాలి.

మ్యూజిక్ రిహార్సల్లో, సిట్జ్‌ప్రోబ్‌లో మాత్రం పూర్తిగా పాడండి, కండక్టర్ ఆర్కెస్ట్రాని ఎంత తగ్గించాలో మీ గొంతు విని చూసుకునేది అక్కడే. జలుబు చేసి పాడలేకపోతే రిహార్సల్‌కి ముందే వెళ్ళి చెప్పండి, మధ్యలో హఠాత్తుగా తగ్గిస్తే పాట రాలేదనుకుంటారు. కాలేజీ ఒపేరాల్లో రెండు కాస్టులు (అవే పాత్రలకి రెండు జట్లు) ఉండడం మామూలు, అవతలి కాస్టు స్టేజి మీద ఉన్నప్పుడు ఫోన్ చూసుకోకుండా వాళ్ళ బ్లాకింగ్ మీ స్కోరులో పెన్సిల్‌తో రాసుకోండి. అవతలి సుసానాకి గొంతు పట్టేసిన రోజు "నువ్వెక్కు" అంటే ఎక్కాల్సింది మీరే, డైరెక్టర్ మళ్ళీ మొదటి నుంచి చెప్పరు.