ఏడో నెలలో బీపీ 170 దాటితే ఏది మేలు: ఇక్కడే కాన్పా, కర్నూలు ప్రయాణమా?

పత్తికొండ, ఆలూరు, కోసిగి లాంటి ఊళ్లలో ఈ ప్రశ్న ఏ ఇంటికైనా రావచ్చు, అదీ అర్ధరాత్రి పూట. అమ్మాయికి 31 వారాలు. తలనొప్పి తగ్గడం లేదు, కళ్లు మసకేస్తున్నాయి, ముఖం ఉబ్బింది. దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌లో చూస్తే బీపీ 170/110, మూత్రంలో ప్రొటీన్ మూడు ప్లస్సులు. ఇది తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భంతో ఉన్నప్పుడు బీపీ బాగా పెరిగి ఒంటిని దెబ్బతీసే జబ్బు. ఇది ముదిరి ఫిట్స్ వస్తే మన వైపు గుర్రపు వాతం అంటారు.

అప్పుడు ఇంటివాళ్ల ముందు రెండు దారులుంటాయి. ఇక్కడే ఆపరేషన్ చేయించి, పుట్టిన బిడ్డను అంబులెన్స్‌లో కర్నూలు పంపడం ఒకటి. బిడ్డ కడుపులో ఉండగానే తల్లిని కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్లడం రెండోది. తల్లి ప్రయాణానికి తట్టుకునేలా ఉంటే రెండోదే మేలని నా గట్టి నమ్మకం. ఎందుకో చెప్తాను.

మొదటి దారి మీద ఇంటివాళ్లకు మొగ్గు ఎందుకుంటుందో అర్థం చేసుకోవచ్చు. ‘దారిలో ఏమన్నా అయితే ఎవరు దిక్కు?’ అన్న భయం చిన్నది కాదు. ఇక్కడ తెలిసిన డాక్టరమ్మ ఉంది, అన్నం తెచ్చిపెట్టడానికి మనుషులున్నారు. కాన్పు అయిపోతే తల్లి గండం గడిచినట్టే అనిపిస్తుంది. ఇందులో నిజం లేకపోలేదు, ఈ జబ్బుకు అసలు మందు కాన్పే. కానీ ఈ లెక్కలో బిడ్డను ఎవరూ చూడటం లేదు.

31 వారాల బిడ్డ మామూలుగా కిలోన్నర ఉంటుంది. ప్రీఎక్లాంప్సియాలో మాయకు రక్తం సరిగా అందదు కాబట్టి అదే వయసు బిడ్డ కిలో, కిలోంబావు దగ్గరే ఆగిపోవచ్చు. అంటే నెలలు తక్కువ, దాని మీద బరువూ తక్కువ. ఊపిరితిత్తులు విచ్చుకోవడానికి కావాల్సిన పదార్థం ఇంకా సరిపడా తయారై ఉండదు. ఒంట్లో కొవ్వు లేదు కాబట్టి వేడి నిలవదు, చక్కెర తొందరగా పడిపోతుంది. తల్లికి బీపీ ఉన్న బిడ్డల్లో ప్లేట్‌లెట్లు, తెల్లరక్తకణాలు తక్కువగా ఉండటం కూడా మామూలే. పేగులు సున్నితంగా ఉంటాయి, పాలు మెల్లగా పెంచాలి. అలాంటి బిడ్డ పుట్టిన మొదటి గంటలో కావాల్సింది శ్వాసకు సీప్యాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే యంత్రం), వెచ్చదనం, పదే పదే చక్కెర పరీక్ష. ఇవన్నీ చూసే మనుషులు పక్కనే ఉండాలి. ఆ గంటను మనం రోడ్డు మీద పెడుతున్నాం. చలికాలం తెల్లవారుజామున, గంటన్నర రెండు గంటల దారిలో, చీరముక్కలో చుట్టిన కిలో బిడ్డ చల్లబడితే చక్కెర పడుతుంది, ఊపిరి తప్పుతుంది. ఆసుపత్రి గేటు దగ్గరికి చేరేసరికి సగం యుద్ధం ఓడిపోయి ఉంటాం.

ఆ దారికి తల్లి కడుపును మించిన అంబులెన్స్ లేదు. బ్రిటన్‌లో 28 వారాల లోపు పుట్టిన పిల్లల మీద 2019లో వచ్చిన అధ్యయనంలో, పుట్టాక పెద్ద ఆసుపత్రికి తరలించిన బిడ్డల్లో తీవ్రమైన మెదడు గాయాలు ఎక్కువ కనిపించాయి. అక్కడి అంబులెన్సుల్లో ఉన్న సదుపాయాలతోనే పరిస్థితి అలా ఉంటే మన సంగతి వేరే చెప్పాలా?

అయితే తల్లిని ఊరికే కారెక్కించి పంపకూడదు. బయల్దేరే ముందు మూడు పనులు జరిగాయా అని అడగాలి. బీపీ దించే మందు ఇచ్చారా? మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు పడిందా? ఇది నరానికి 4 గ్రాములు, రెండు పిరుదులకు ఐదేసి గ్రాములు. 33 దేశాల్లో పదివేల మందికి పైగా తల్లుల మీద జరిపి 2002లో ప్రచురించిన పరీక్షలో ఈ మందు ఫిట్స్ ముప్పును సగానికి పైగా తగ్గించింది. 32 వారాల లోపు బిడ్డ మెదడుకూ ఇది కాపు. ఇక మూడోది, బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికిచ్చే డెక్సామెథసోన్. 12 గంటలకొకటి చొప్పున నాలుగు ఇంజెక్షన్లు, వాటిలో మొదటిది బయల్దేరే ముందే. మనదేశంతో సహా ఐదు దేశాల్లో చేసిన పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. ఇది ఇచ్చిన తల్లుల బిడ్డల్లో మరణాలు 19.6 శాతం, ఇవ్వనివాళ్లలో 23.5. కొన్ని రూపాయల మందు చేసిన తేడా అది. ఏ మందు ఏ టైముకు ఇచ్చారో చీటీ మీద రాయించుకోవాలి, లేకపోతే కర్నూలులో మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

సుగ్గికి, అంటే కోతల కాలపు వలసకు, గుంటూరు వైపు మిరపకోతలకు వెళ్లి వచ్చిన అమ్మాయిలకు నెలల తరబడి బీపీ చూసినవాళ్లే ఉండరు. వలస వెళ్లేటప్పుడు కూడా తల్లీబిడ్డ కార్డు సంచిలో ఉండాలి.

తల్లిని కదిలించకూడని సందర్భాలూ ఉన్నాయి. ఫిట్స్ ఆగకపోయినా, రక్తస్రావం అవుతూ కడుపు రాయిలా గట్టిపడినా (మాయ ముందే ఊడిపోతోందన్నమాట), కాన్పు మొదలై బిడ్డ దిగుతున్నా ముందు అక్కడే చేయాల్సింది చేయాలి. అప్పుడు మొదటి దారే సరైన దారి. ఆ నిర్ణయం డాక్టరుది, పక్కన నిలబడ్డ పదిమంది బంధువులది కాదు. ఇక్కడే కాన్పు తప్పకపోతే పుట్టగానే బిడ్డను తుడిచి, టోపీ పెట్టి, పెద్దమనిషి ఎవరైనా రొమ్ముకు చర్మం తగిలేలా కట్టుకుని అంబులెన్సులో కూర్చోవాలి. నాయనమ్మైనా, తండ్రైనా సరే.

కర్నూలు చేరాక రెండో ప్రశ్న వస్తుంది: వెంటనే కాన్పు చేయాలా, కొన్నాళ్లు ఆపాలా? ఇక్కడ పెద్దవాళ్ల నోట ఒక మాట వినిపిస్తుంది. ‘ఏడో నెల బిడ్డ బతుకుతాది గానీ ఎనిమిదో నెల బిడ్డ దక్కదు, ఇప్పుడే తీయించండి’ అని. ఈ మాట పూర్తిగా తప్పు. మిగతావన్నీ సమానమైతే కడుపులో గడిచిన ప్రతి వారం బిడ్డకు లాభమే.

చిక్కల్లా ఈ జబ్బులో మిగతావి సమానంగా ఉండకపోవడమే. 1994లో అమెరికాలో 28 నుంచి 32 వారాల తల్లుల మీద చేసిన చిన్న పరీక్షలో, ఆగినవాళ్లకు సగటున పదిహేను రోజులు కలిసొచ్చాయి, బిడ్డల బరువు పెరిగింది. 2013లో లాటిన్ అమెరికాలో దానికన్నా పెద్ద పరీక్ష చేస్తే పది రోజులు కలిసొచ్చాయి, బిడ్డలకు మాత్రం చెప్పుకోదగ్గ మేలు జరగలేదు. పైగా ఆగినవాళ్లలో మాయ ఊడిపోవడాలు ఎక్కువయ్యాయి. మంచానికిద్దరు పడుకునే మన వార్డులకు ఈ రెండో పరీక్షే దగ్గర అని నాకనిపిస్తుంది. డెక్సామెథసోన్ పని చేయడానికి రెండు రోజులు ఆగడం బంగారం లాంటి నిర్ణయం. 28 వారాల దగ్గరైతే ఆపైన కూడా ఒక్కో రోజు కోసం పోరాడొచ్చు. 33 దగ్గర అంత పట్టుబట్టాల్సిన పని లేదు. 34 నిండాక తీవ్రమైన ప్రీఎక్లాంప్సియాలో ఆగకూడదు. ప్లేట్‌లెట్లు లక్షకు దిగినా, లివర్ దెబ్బతింటున్నా, ఊపిరితిత్తుల్లో నీరు చేరినా వారాల లెక్క పక్కన పెట్టి కాన్పు చేయాల్సిందే. ఆగేది ఎన్నాళ్లైనా ఆసుపత్రిలోనే. ‘ఇంటికెళ్లి రెస్ట్ తీసుకుంటాం’ అన్న మాట వద్దు.

డబ్బు సంగతి కూడా మాట్లాడుకోవాలి. ప్రైవేటులో కిలో బిడ్డను వారాల తరబడి బాక్సులో ఉంచితే పొలం అమ్ముకున్న కుటుంబాలున్నాయి. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, జబ్బు బిడ్డ వైద్యం, మందులు, రక్తం, రవాణా 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఉచితం. రద్దీ, నిద్రలేని రాత్రులు ఉంటాయి, ఉన్నమాటే. కానీ తల్లికి ఐసీయూ, బిడ్డకు నవజాత శిశువుల వార్డు ఒకే ప్రాంగణంలో ఉంటాయి. బిడ్డ కర్నూలులో, తల్లి పత్తికొండలో ఉంటే మొదటి పాలు ఎవరు పిండి పంపుతారు? బిడ్డను తల్లి రొమ్ముకు చర్మం తగిలేలా ఆనించి ఉంచే కంగారూ సంరక్షణ ఎలా జరుగుతుంది? పుట్టిన వెంటనే ఆ సంరక్షణ మొదలుపెడితే చిన్న బిడ్డల మరణాలు పావు వంతు తగ్గాయని 2021లో వచ్చిన అంతర్జాతీయ పరీక్ష చెప్పింది. అది జరిగిన దేశాల్లో మనదీ ఒకటి.

ఇంటికి పంపేటప్పుడు కంటి పరీక్ష తేదీ రాయించుకోండి. 34 వారాల లోపు లేదా రెండు కిలోల లోపు పుట్టిన బిడ్డకు నెలలోపే రెటీనా (కంటి లోపలి పొర) చూపించాలి, మరీ చిన్న బిడ్డలకు ఇంకా ముందే. ఆలస్యమైతే చూపే పోవచ్చు. తల్లి బీపీ కూడా కాన్పుతో ఆగిపోదు. ఫిట్స్ కాన్పయ్యాక మొదటి రెండు రోజుల్లో రావచ్చు, అరుదుగా వారాల తర్వాతా వస్తాయి. బిడ్డ వార్డు బయట కూర్చున్న తల్లి తన మందులు మర్చిపోతుంది. పూటకోసారి ఆమెను లేపి బీపీ చూపించే పని పక్కనున్నవాళ్లలో ఒకరు తమ మీద వేసుకోవాలి.