చోక్ రింగ్ యాంటెనా: రోజువారీ ఊపు పోయింది, అద్దాల భవనం వచ్చింది

జీపీఎస్ సిగ్నల్ అందుకునే ఈ చోక్ రింగ్ యాంటెనా బరువు చూసి, ధర చూసి నేనూ తిట్టుకున్నాను. అయినా ఇప్పుడు మా బేస్ స్టేషన్ (ఒకే చోట స్థిరంగా ఉండే జీపీఎస్ కేంద్రం) మీంచి దించుతామంటే ఒప్పుకోను.

పాత యాంటెనా ఉన్నప్పుడు రోజూ ఒక వేళకు ఎత్తు రీడింగ్ కొన్ని సెంటీమీటర్లు మెల్లగా పైకీ కిందికీ ఊగేది. కేబుల్ అన్నారు, మార్చాం. ఫర్మ్‌వేర్ అన్నారు, అదీ మార్చాం. ఇక మిగిలింది అయనోస్ఫియర్ (సిగ్నల్‌ని ఆలస్యం చేసే పై వాతావరణ పొర), నింద దాని మీద వేశారు. చివరికి వరస రోజుల గ్రాఫులు ఒకదాని కింద ఒకటి పెట్టి చూస్తే, అదే ఊపు రోజుకు సుమారు 4 నిమిషాలు ముందే వస్తోంది. జీపీఎస్ ఉపగ్రహాలు ఆకాశంలో అదే చోటికి దాదాపు 23 గంటల 56 నిమిషాలకు వస్తాయి. అంటే ఉపగ్రహం ఫలానా కోణంలోకి వచ్చినప్పుడల్లా, కింద డాబా మీదున్న రేకు దాని సిగ్నల్‌ని మళ్లీ యాంటెనాకే కొడుతోందన్నమాట. అయనోస్ఫియర్‌కి అంత టైమ్ సెన్స్ ఎక్కడిది!

చోక్ రింగ్ బిగించాక ఆ ఊపు దాదాపు కనబడలేదు. అల్యూమినియం పళ్లెంలో ఒకదాని చుట్టూ ఒకటి గాడులు, లోతు తరంగదైర్ఘ్యంలో పావు వంతు కంటే కాస్త ఎక్కువ. అడుగు నుంచీ అంచుల వెంబడీ వచ్చే సిగ్నల్ అక్కడే బలహీనపడుతుంది. ఒక్కటి మాత్రం: సాఫ్ట్‌వేర్‌లో యాంటెనా మోడల్ కూడా మార్చాలి, లేదంటే ఎత్తులో కొత్త తేడా పుట్టుకొస్తుంది.

ఊపు పోయింది అన్నాను గానీ, అది కింది నుంచి వచ్చేదే. తర్వాత ఎదురుగా అద్దాల భవనం లేచింది. యాంటెనా కన్నా ఎత్తు నుంచి పడే ప్రతిబింబాన్ని ఈ గాడులు పెద్దగా ఆపలేవు. నేరుగా వచ్చే సిగ్నల్ పూర్తిగా మూసుకుపోయి ప్రతిబింబం ఒక్కటే అందితే, రిసీవర్‌లో ఎంత మంచి కోరిలేటర్ (వచ్చిన సిగ్నల్‌ని కోడ్‌తో పోల్చి గుర్తుపట్టే భాగం) ఉన్నా దాన్నే అసలు సిగ్నల్ అనుకుంటుంది. ఆ దిక్కు ఉపగ్రహాలను లెక్కలోంచి తీసేసి నెట్టుకొస్తున్నాం. దిగువ కోణాల్లో ఉన్న ఉపగ్రహాల సిగ్నల్ కూడా ముందుకంటే నీరసంగా అందుతోంది.

మా బేస్ కదలదు, కింద రేకు ఉంది, కాబట్టి మాకు పనికొచ్చింది. వీధుల్లో తిరుగుతూ మీటరు స్థాయి పని చేసుకునేవాళ్లయితే ముందు ఎల్5 (జీపీఎస్ కొత్త సిగ్నల్) అందుకునే రిసీవర్ చూసుకోవడం మేలేమో. పాత ఎల్1 సిగ్నల్ సీ/ఏ కోడ్‌లో ఒక చిప్ (కోడ్‌లో ఒక్కో ముక్క) పొడవు సుమారు 293 మీటర్లు, ఎల్5లో 29 మీటర్లే. కాస్త దూరం తిరిగొచ్చే ప్రతిబింబం అక్కడ తేలిగ్గా విడిపోతుంది.