రోబోనా, కుంజప్పనా? ఏది మేలు?

ఏఐ మీద నవ్విస్తూనే చురక పెట్టే సినిమా ఏదన్నా చెప్పమని మా అక్క పిల్లలు పండక్కి వచ్చినప్పుడల్లా అడుగుతుంటారు. ఈ దసరాకు దేవరకొండ దగ్గర మా ఊళ్లో అందరం కలిశాం. రెండు సినిమాలు రెండు రాత్రుల్లో చూశాం.

మొదటిది శంకర్ తీసిన ‘రోబో’ (2010). అందులోని మరమనిషి చిట్టిని టీవీ వెయ్యమంటే ఎత్తి కింద పడేస్తాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. కానీ అందులో నాకు గుర్తుండిపోయేది మంటల సీను. స్నానం చేస్తున్న అమ్మాయిని చిట్టి ఉన్నపళంగా జనం మధ్యకు ఎత్తుకొస్తాడు. ప్రాణం నిలబెట్టడం వాడికి తెలుసు, మానం సంగతి తెలియదు. ఆ పిల్ల సిగ్గుతో పరుగెత్తి బండి కింద పడుతుంది. అప్పటిదాకా నవ్విన ఇల్లంతా చప్పుడు లేకుండా అయిపోయింది. ఆ తర్వాత చిట్టిని విలన్‌గా మార్చే ఎర్ర చిప్పు, యుద్ధం... అక్కడి నుంచి అది ఫైటింగుల సినిమా.

రెండోది 2019లో వచ్చిన మలయాళం సినిమా ‘ఆండ్రాయిడ్ కుంజప్పన్’. కొడుక్కి రష్యాలో ఉద్యోగం. ఊళ్లో ఒంటరిగా ఉన్న తండ్రిని చూసుకోవడానికి ఓ మరమనిషిని తెచ్చిపెడతాడు. యంత్రాలంటే గిట్టని ఆ పెద్దాయన (నటుడు సూరజ్ వెంజారమూడు) మెల్లగా దానికి పంచె కట్టి కొడుకులా చూసుకోవడం మొదలుపెడతాడు. అరుపుల్లేవు, పేలుళ్లు లేవు. పిల్లలకు మొదటి అరగంట నెమ్మదిగా అనిపించింది, నిజమే.

ఇవి కాక ‘మిచెల్స్ వర్సెస్ ద మెషీన్స్’ (2021) అని ఓ బొమ్మల సినిమా ఉంది. వాళ్ల కుక్కను చూసి అది కుక్కో, పందో, బ్రెడ్డో తేల్చుకోలేక రోబోలు తికమకపడటం బాగుంటుంది. చిన్నపిల్లలుంటే అది పెట్టండి.

నన్నడిగితే కుంజప్పనే. మాట అర్థం కాని యంత్రం మీద ‘రోబో’ జోకులేసింది. ఇప్పుడు ఫోన్‌లో ఉన్న ఏఐని ఏమడిగినా తడుముకోకుండా, మెత్తగా, మర్యాదగా జవాబిస్తుంది. వచ్చిన చిక్కు ఆ మెత్తదనంతోనే. అంత బాగా మాట్లాడేదాన్ని మనం మనిషిగా చూడటం మొదలుపెడతాం. కుంజప్పన్ నవ్వించేది అక్కడే. నవ్వుతుండగానే, ఆ ఇంట్లో ఉండాల్సిన కొడుకు లేడన్న సంగతి గుర్తుకొస్తుంది.

సినిమా మధ్యలో ఎనిమిదైంది. నాయన ఫోన్ మోగింది. నేను హైదరాబాద్‌లో ఉంటాను కాబట్టి బీపీ గోలీ గుర్తుచేయడానికి అందులో ఓ ఆడగొంతు పెట్టాను. "మందు వేసుకునే సమయమైంది" అంది. నాయన తెర మీది నుంచి చూపు తిప్పకుండానే "ఏసుకుంట బిడ్డా" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. లేచి నీళ్లు తెచ్చిచ్చాను.